పొట్టేలు గంటలో పెరూ బిళ్ళ

భిక్షం గంటను తలకిందులు చేసి లోపల వేలు తిప్పాడు. బోల్టు తుప్పుపట్టి విరిగింది. దానికి వేలాడే నాలుక రాలిపోయింది.

"ఎన్నడు పడ్డదో ఎరుకనా?"

"మా పెద్ద పొట్టేలుది. పది దినాల కింద దొడ్డి ఊడుస్తుంటే నాలుక దొరికింది," అని నిరోష ఆ ఇనుప ముక్కను బల్ల మీద పెట్టింది.

"గది ఒక్కటే దొరికిందా? ఇంకోటి సుత చెప్పు," అంది పక్కనే నిలబడ్డ అత్త ఈదమ్మ.

మక్తల్ సంత పక్కన భిక్షం కొట్టు తెలంగాణ వచ్చిన ఏడు పెట్టింది. తాళాలు, స్టవ్వులు, గొర్ల గంటలు బాగుచేస్తాడు. గోడకు ఒక అద్దం పెట్టె ఉంటుంది. అందులో పెరూ, చిలీ, బొలీవియా, అర్జెంటీనా చిల్లర నాణేలు. జడ్చర్లలో పాత ఇత్తడి కొనే వెంకన్న దగ్గర, విదేశీ తుక్కులో ఏరుకొచ్చినవి. వాటికి ధర పలకదని తెలుసు. అంత చిన్న బిళ్ళ మీద గుర్రపు జూలు కూడా తెలిసేలా అచ్చు కొట్టినవాడి పని మీద గౌరవంతో దాచాడు. రకానికొకటి పెట్టెలోకి, మిగిలినవి పనిలోకి.

ఈదమ్మ కొంగుముడి విప్పి ఒక పసుపు బిళ్ళ చూపించింది. వేళ్ళ మధ్య నుంచి వదల్లేదు.

"బంగారమో కాదో దూరం నుంచే చెప్పు."

"నేనేమన్న గద్దనా అక్కా?"

ఒక అంగుళం ముందుకు జరిపింది. పొడుగు మెడ జంతువు, నడుమ తూటు. భిక్షం చూపు అద్దం పెట్టె మీదికి పోయింది, అక్కడి నుంచి నిరోష మీదికి. పోయినసారి ఈ పిల్ల ఆ పెట్టె దగ్గరే చాలాసేపు నిలబడింది.

"తూటు చూసినవా? కాసులపేరుది," అంది ఈదమ్మ. "ఒక్క కాసు దొడ్ల ఉంటే తక్కినయి ఏడవోయినయ్? ఊడ్చేది గీమె. ఎంటనే చిట్యాలకు తల్లిగారింటికి పోయొచ్చింది."

"దాసుకునేదాన్నైతే గదెందుకు మా అత్త చేతిల పెడ్త? వారం నుంచి మా ఇంటాయన గోపాల్ నాతోని మాట్లాడుతలేడు," అంది నిరోష భిక్షంతో, అత్త వైపు చూడకుండా.

పెట్టెలో ఆ జంతువున్న పెరూ బిళ్ళ దాని జాగాలోనే ఉంది. భిక్షం మళ్ళీ ఈదమ్మ వేళ్ళ మధ్యకు చూశాడు. తూటు చుట్టూ ఆరు మూలల నొక్కు. నట్టు బిగించిన గుర్తు.

"గది నేను కొట్టిన తూటే అక్కా. ఇనుప వాషర్ తుప్పు పడ్తదని మీ రెండు గంటలల్ల గీ ఇత్తడి బిళ్ళలే ఏసిన. పట్టీ కోసం తెచ్చిన రెండో గంట విప్పుత, చూడు."

"నువ్వెందుకు? చేతిల ముందే పట్టుకుంటవేమో. గిటియ్యి, నేనే విప్పుత."

పానా ఇచ్చాడు. ఈదమ్మ గంటను ఒళ్ళో పెట్టుకుని వగరుస్తూ నట్టు తిప్పింది. నాలుక పడింది, వెనకే బిళ్ళ. రెండింటినీ పక్కపక్కన పెట్టి తిప్పితిప్పి చూసింది. అదే పొడుగు మెడ, అదే తూటు.

"గొర్రె కాదు, ఒంటె కాదు," అని గొణిగింది. బిళ్ళల్ని భిక్షం వైపు జరిపింది. "గోపాల్‌కు ఏం చెప్పాలె?"

"గంట మోగుతాందని చెప్పు," అంది నిరోష.

భిక్షం ఆ బిళ్ళల్నే మళ్ళీ వేసి, తుప్పు పట్టని బోల్టులు బిగించి, పట్టీ కుట్టాడు. ఊపితే రెండు గంటలూ రెండు గొంతులతో పలికాయి. అలవాటుగా ఈదమ్మ వైపు చాచాడు.

"ఆమెకియ్యి," అంది ఈదమ్మ.

నిరోష వెంటనే అందుకోలేదు. ఒక్కో గంటలో వేలు పెట్టి, నట్టు కదులుతుందేమో గట్టిగా లాగి చూసి, అప్పుడు తీసుకుంది.