తాళం వేసిన బూట్లు

బంతి చేతికి వస్తే చాలు, కొమురెల్లి ముందుగా లేసు ముడి ఎక్కడుందో బొటనవేలితో వెతికేవాడు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే తోలు సంచిలో రబ్బరు బ్లాడర్. గాలి కొట్టి, మూతి కట్టి, పైన తోలు లేసు బిగించాలి. ముడి పైకి లేచి ఉంటే తలతో కొట్టినవాడి నుదురు చీలుతుంది. అతని నుదుట అటువంటి గీత ఒకటి ఉంది. మిల్లు జట్టులో ఆడిననాటిది.

ఆ ఆట చూసే 1957లో హనుమకొండలోని ఒక కాలేజీవాళ్లు అసిస్టెంట్ కోచ్‌గా పిలిచారు. కొలువు టెంపరరీ. ఏటా జూన్‌లో కాలేజీ కొత్త కాగితం ఇస్తేనే ఉన్నట్టు. గాలి కొట్టడం, సున్నంతో గీతలు వేయడం, పొద్దున్నే పిల్లలను పరుగెత్తించడం అతని పని. కప్పు అందుకోవడం ఫిజికల్ డైరెక్టర్ పని. తొమ్మిదేళ్లలో మూడు కప్పులు వచ్చాయి. మూడు ఫోటోల్లోనూ కొమురెల్లి చివర నిలబడి ఉంటాడు. ఒకదానిలో సగం చెయ్యి మాత్రమే పడింది.

1966లో కొత్త డైరెక్టర్‌గా రాజేశ్వర్ రావు వచ్చాడు. జట్టు ఫైనల్‌కు చేరింది. పిల్లలంతా పరకాల, వర్ధన్నపేట వైపు పల్లెలవాళ్లు. పుట్టిన నాటినుంచి వట్టి కాళ్లతో ఆడినవాళ్లు. ఫైనల్‌కు కలెక్టర్ వస్తున్నాడని డైరెక్టర్ హైదరాబాద్ నుంచి పదకొండు జతల బూట్లు తెప్పించాడు. అవి ఆటకు పది రోజుల ముందే వచ్చాయి. వచ్చిన రోజే బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడే తొడిగితే మాసిపోతాయట. కలెక్టర్ ముందు మెరవాలట.

కొమురెల్లి రోజూ వెళ్లి అడిగాడు. కొత్త తోలు కరుస్తుందని, ఆముదం పట్టించి వారమన్నా తొడగాలని చెప్పాడు. ఏడో రోజు గొంతు లేచింది.

"సార్, పెండ్లినాడు కట్టే పట్టుబట్ట కాదు ఇది. కాళ్లకు అలవాటు కావాలె. తాళంచెవి ఇయ్యిండ్రి. లేకుంటే వట్టి కాళ్లతోనే ఆడనియ్యిండ్రి."

"నీ కాళ్లకు బూట్లెట్లుంటయో తెల్వదు. నువ్వు నాకు చెప్తవా?" అన్నాడు రాజేశ్వర్ రావు. గదిలో ఉన్న గుమస్తాలు నవ్వారు.

ఆదివారం ఫైనల్‌లో బూట్లు మెరిశాయి. పిల్లలు కొయ్యకాళ్ల మీద నడిచినట్టు నడిచారు. ఎడమ వైపు నుంచి గాలిలా దూసుకుపోయే యాదగిరి రెండుసార్లు ఒట్టి నేల మీద జారిపడ్డాడు. సగం ఆట అయ్యాక వచ్చి గడ్డిలో కూలబడ్డాడు.

"కొమురన్నా, మడిమెలు మండుతానయ్," అన్నాడు.

ఎడమ బూటులో నెత్తురు ఉంది. కొమురెల్లి లేసులు విప్పబోతే డైరెక్టర్ వచ్చి అతని చెయ్యి పట్టి ఆపాడు. కలెక్టర్ చూస్తున్నాడన్నాడు. కొమురెల్లి ఆ చెయ్యి విదిలించి కొట్టలేదు. తర్వాత చాలాకాలం అతనికి తన మీద ఉన్న కోపం అదే.

మూడు గోల్స్ తేడాతో ఓడారు. ఓడాక బీరువా తాళంచెవి అతని చేతికే ఇచ్చారు, బూట్లు తుడిచి లోపల పెట్టమని.

సోమవారం మధ్యాహ్నం కాగితం వచ్చింది. బూట్లతో అభ్యాసం చేయించకపోవడం అసిస్టెంట్ కోచ్ నిర్లక్ష్యమని, అతడు తప్పు ఒప్పుకొంటున్నాడని అందులో రాసి ఉంది. కింద సంతకానికి చోటు వదిలారు. మంగళవారం పది గంటలలోపు సంతకం పెట్టి ఇస్తే జూన్‌లో కొలువు ఉంటుంది, లేకపోతే లేదని గుమస్తా మెల్లగా చెప్పాడు.

ఇంట్లో కొమురెల్లి కాగితాన్ని గోడ గూట్లో పెట్టి అన్నం తిన్నాడు. పిల్లల తిండి, ఇంటి కిరాయి అన్నీ అతనికి తెలుసు. భార్య సమ్మమ్మకు ఇంకా బాగా తెలుసు. అయినా ఆమె సంతకం పెట్టమనలేదు, వద్దనీ అనలేదు. కంచం తీస్తూ ఒక్క మాట అంది.

"తొమ్మిదేండ్ల సంది బంతిల గాలి నింపినవ్. నీ లోపల ఏమన్న మిగిలిందా, అంత దాంట్లెకే పోయిందా?"

అతను పళ్లు కొరుక్కునే చప్పుడు ఆమెకు వినిపించింది.

మర్నాడు అయిదున్నరకే కాలేజీకి వెళ్లాడు. బీరువా తెరిచి, తుడవకుండా ఉంచిన యాదగిరి ఎడమ బూటు తీశాడు. మడమ దగ్గర నెత్తురు నల్లగా ఎండి ఉంది. కాగితాన్ని డైరెక్టర్ బల్ల మీద పరిచాడు. సంతకానికి వదిలిన చోట ఆ బూటును నిలబెట్టాడు. పక్కన తాళంచెవి పెట్టాడు.

తర్వాత మైదానంలోకి వెళ్లాడు. పిల్లలు కుంటుకుంటూ వట్టి కాళ్లతో వచ్చారు. కొమురెల్లి బంతి తీసుకుని బొటనవేలితో ముడి వెతికాడు. పైకి లేచి ఉంది. నిలబడే విప్పి, మళ్లీ బిగించి, ముడిని లోపలికి తోసి, విజిల్ ఊదాడు.