దూడ మూతికి అంటిన తల్లి

పొద్దున ఏడు నలభైకి లింగంపల్లిలో సంగారెడ్డి బస్సు ఎక్కాను. పక్క సీట్లో నా పాత సహోద్యోగి కూతురు శైలజ. పటాన్‌చెరు దగ్గర పశువుల జన్యు పరీక్షలు చేసే ల్యాబులో, యంత్రం ఇచ్చిన వివరాలు నమ్మదగినవో కావో తేల్చడం ఆమె పని. ఇంద్రేశంలోని ఒక దున్నదూడ నమూనా తేడాగా వచ్చిందట.

"ఒక్కటే దూడ అంకుల్. నమూనాలో మాత్రం రెండు పశువుల గుర్తులున్నాయి," అంది. మళ్లీ నమూనా తీసుకోవడానికి వెళ్తోంది. చూడాలనిపించి నేనూ బయల్దేరాను.

బీరంగూడ దాటేసరికి పొగమంచులో ఫ్యాక్టరీల పొగ కలిసిపోయింది. గొట్టాలు నేలను వదిలి ఆకాశంలోంచి వేలాడుతున్నట్టున్నాయి. షిఫ్టు ముగించుకుని ఇస్నాపూర్ గదికి పోతున్న కార్మికుడొకడు నిద్రలోనే టికెట్ చాపాడు. కండక్టర్ అతణ్ణి లేపకుండా చూసి వెళ్లిపోయాడు.

ఎనిమిదిన్నరకు పటాన్‌చెరులో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో ఇంద్రేశం చేరాం. ప్లాట్ల హద్దురాళ్ల నడుమ, ఆ దూడను పెంచుతున్న లక్ష్మమ్మ కొట్టం. పరీక్ష సరిగా వస్తే ఆ దూడను విత్తనపు దున్నగా ఎంపిక చేస్తారు. రాకపోతే కోతకు కొనే బేరగాడు తోలుకుపోతాడు. ఈ సంగతి చెబుతున్నంతసేపూ లక్ష్మమ్మ దూడ చెవి వదల్లేదు.

మొదటిసారి నమూనాకు వచ్చినతను దాని ముక్కులో దూదిపుల్ల తిప్పాడట. అంతకుముందు ఏం జరిగిందని శైలజ అడిగింది.

"పాలకు తల్లి కాడ ఇడిసిన, బిడ్డా. ఆకలి మీదున్నదాన్ని పరాయోళ్లను ముట్టనిస్తనా?"

శైలజ నవ్వేసింది. దూడ మూతినిండా తల్లి పాలు, తల్లి నాకిన తడి. ఆ పుల్లకు తల్లీబిడ్డలిద్దరూ అంటుకున్నారు. ఇవాళ గంటసేపు పాలివ్వకుండా విడిగా కట్టేయమంది.

"గంటనా? గట్లయితే నన్ను గూడ ఈడనే కట్టెయ్," అని గొణుగుతూనే లక్ష్మమ్మ కట్టేసింది.

దూడ పిలిచింది. బర్రె బదులిచ్చింది. ఏదో కంపెనీ సైరన్ ఆ రెండు పిలుపుల మధ్య సాగి, కరిగిపోయింది. లక్ష్మమ్మ అటు వీపు పెట్టి కూర్చుంది. మూతి కడిగి, ఆరాక శైలజ నమూనా తీసింది. పుల్ల గొట్టంలో పడగానే లక్ష్మమ్మ పలుపు విప్పింది. దూడ కడుపారా తాగి, దగ్గర్లో నిలబడ్డ నా చొక్కా చేతికి మూతి తుడుచుకుంది.

ఈసారి నమూనాలో ఒక్క దూడే వచ్చిందనీ, ఎంపికైందనీ వారం తర్వాత ఫోన్ వచ్చింది. ఆ మధ్యాహ్నం మాకవేవీ తెలియవు. తిరుగు ఆటోలో శైలజ పాలంటిన నా చొక్కా చేయి చూసి, మా మధ్యనున్న నమూనా పెట్టెను మెల్లగా అటు పక్కకు మార్చుకుంది. పటాన్‌చెరులో ఆమె దిగిపోయాక, బస్సులో లింగంపల్లి దాకా పాలవాసనా నేనూ కిటికీ పక్కన కూర్చుని వచ్చాం.