యురేనియం ఏ పెట్టెలో వేయాలి?

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉంటుందని ఎవరైనా అంటే జాలిపడేదాన్ని. ఇరవై రెండేళ్ల వయసు, కొత్త డిగ్రీ, ఖిదిర్‌పూర్‌లో మా డాక్ క్వార్టర్స్‌కు రెండు వీధుల అవతల చిన్న బడిలో నాలుగో తరగతి టీచరు ఉద్యోగం. ఇంకేం కావాలి! (ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. కమిటీ వాళ్లు వచ్చి నా పాఠం విని తేల్చాలి. డాక్‌లో క్రేను నడిపే మా నాన్న ఆ చిన్న వివరం మింగేసి, "మా పాప పెద్ద టీచరమ్మ" అని కనబడ్డవాళ్లందరికీ చాటేవాడు.)

కమిటీ ముందు చెప్పడానికి నేను ఎంచుకున్న పాఠం "ప్రకృతి ఇచ్చినవి, మనిషి చేసినవి". అంతకంటే తేలికైన పాఠం పుస్తకంలో లేదు. రెండు అట్టపెట్టెలు తెచ్చి, ప్రకృతికి పచ్చ కాగితం, మనిషికి ఎర్ర కాగితం అంటించాను. పిల్లలు వేయడానికి పాత పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించాను. ఆకు, బొగ్గు, ఉప్పు, తేనె, కుర్చీ, బకెట్టు... అక్కడితో ఆగితే బాగుండేది. పెద్దవాళ్లు నా తెలివికి అబ్బురపడాలని, అణు విద్యుత్ కేంద్రంలో వాడే యురేనియం బిళ్లల బొమ్మ కూడా ఒకటి చేర్చాను.

ఆ రోజు హెడ్‌మిస్ట్రెస్ (అందరూ ఆవిడని బొడ్‌ది అనేవారు, అంటే బెంగాలీలో పెద్దక్క), కమిటీ సెక్రటరీ, ఒక రిటైరైన ఇంజనీరు వెనక బెంచీ మీద, మోకాళ్లు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. ఆకు, బొగ్గు, ఉప్పు, తేనె పచ్చదాంట్లో పడ్డాయి, కుర్చీ, బకెట్టు ఎర్రదాంట్లో పడ్డాయి. బొడ్‌ది తల ఊపుతోంది. అప్పుడు యురేనియం బొమ్మ వాట్‌గంజ్ నుంచి వచ్చే ఒక తెలుగు పిల్ల చేతికిచ్చి, ఎర్ర పెట్టెలో వేయమన్నాను. ఆ పిల్ల మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చేది, అందుకని తరగతిలో కూడా మిస్ అనడం మరిచిపోయేది.

"అక్కా, ఇది బూమిలోంచి తవ్వుతారంట గదేటి? మరి బొగ్గునెందుకు పచ్చపెట్టిలో ఏయించినావు?"

"కీ బోల్‌ఛే?" అని, ఆ పిల్ల ఏమంటోందో అడిగింది బొడ్‌ది. ఆ గదిలో మా ఇద్దరికి తప్ప తెలుగు ఎవరికీ రాదు. "దాహం వేస్తోందట" అన్నాను బెంగాలీలో. (ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.) ఆ పిల్ల నాకేసి వింతగా చూసి, తన ప్రశ్నను తేట బెంగాలీలో మళ్లీ మొదటినుంచీ అప్పజెప్పింది.

"తవ్వి, శుద్ధి చేసి, బిళ్లలు చేస్తారు కాబట్టి ఇది మనిషి చేసింది" అన్నాను. ఉప్పు కూడా శుద్ధి చేస్తారు కదా అంది. ఉప్పు తీసి ఎర్రదాంట్లో వేశాను. కుర్చీ చెట్టులోంచే కదా వచ్చింది అన్నారెవరో. కుర్చీ పచ్చదాంట్లోకి వెళ్లింది. "తేనెటీగ చేస్తే ప్రకృతా, మా అమ్మ చేస్తే కాదా?" అని అడిగింది ముందు బెంచీ పిల్ల. నేను రెండు పెట్టెల మధ్యా సరుకు మోసే కూలీలా తిరుగుతుండగా ఇంజనీరు గారు లేచి నిలబడ్డారు. కోట్ల ఏళ్ల కిందట, మనిషే పుట్టకముందు, ఆఫ్రికాలో నేల అడుగున యురేనియం దానంతటదే రియాక్టరులా పనిచేసిందట!

"అయితే రియాక్టరు కూడా పచ్చ పెట్టెలోకేనా దాదా? రేపు బాంబు కూడా వేయమంటారా?" అని సెక్రటరీ మండిపడ్డాడు. ఇద్దరూ పాఠం మరిచి పోట్లాడుకోసాగారు. పిల్లలకు భలే సరదాగా ఉంది. బొడ్‌ది చేయెత్తి అందరినీ ఆపి, నన్ను అడిగింది: "చివరికి నువ్వేమంటావు?"

బొమ్మ నా చేతిలోనే ఉంది. చెమటకి మెత్తబడింది. "నాకు తెలియడం లేదు, బొడ్‌ది" అన్నాను.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఉపాధ్యాయురాలికి విషయంపై స్పష్టత లేదు, ఇంకో ఆరు నెలలు చూస్తాం అని. నేను ఏడుస్తూ చదివి వినిపించి, జరిగిందంతా చెబితే, నాన్న అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని అడిగాడు.

"నన్ను మా యమ్మ కన్నాది. అంటే మనిసి సేసినట్టే గదే పాపా. మరి నాను ఏ పెట్టిలో పడతాను?"

"ఏ పెట్టిలో పడితే ఏటి, ముందు తిను. సారు సల్లారిపోతంది" అంది అమ్మ. ఏడుపు మధ్యలో నాకు నవ్వొచ్చేసింది.

ఆరు నెలల తర్వాత ఎక్కాలు చెప్పి పర్మనెంటు అయ్యాను. (పన్నెండో ఎక్కాన్ని ఎవరూ ఎదురు ప్రశ్నించరు.) ఇప్పటికీ ప్రతి ఏడూ ఆ పాఠం చెబుతున్నాను. యురేనియం మాట వస్తే "ఇంధనం మనిషి చేసింది, రాసుకోండి" అంటాను తడుముకోకుండా. అందరూ తలలు వంచుకుని రాసుకుంటారు. వాళ్లు రాస్తున్నంతసేపూ, నలిగిన కొత్త నూలు చీరలో తెల్లమొహం వేసుకుని నిలబడ్డ ఆ టీచరు పిల్ల గుర్తొస్తుంది. ఇప్పుడైతే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నాకూ తెలియలేదే అమ్మా, కాకపోతే దాచుకోవడం నేర్చుకున్నాను అని చెబుదును.