మా వంతు నీళ్ళు

పోయిన అమావాస్యకు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడి వరసలో నా ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. కడంబత్తూరు పక్కవాళ్ళని మాటల్ని బట్టి తెలిసింది. మాట్లాడుకుంటున్నది మా అక్క గురించేనని ఇంకాసేపటికి తెలిసింది.

"అరుణాచలం కూతురు చావింటి నీళ్ళు దొంగిలించిందంట."

"నీళ్ళు ఎట్ల దొంగిలిస్తారుక్కా?"

"కంప్యూటర్‌తో. మోటరుకాడ ఒక పెట్టె పెట్టిందంట. చెన్నైలో ఏసీలో కూసోని నొక్కుతాదంట. ఫోనుకు ఒక మాట పంపేది, నీళ్ళు ఇంకొక మడికి వదిలేది. అదీ ఆ ఇంట్లో పీనుగ లేచిన మర్నాడే."

"అయ్యో, పావం!"

మొదటావిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. "నువ్వే చెప్పు పాపా, అదీ ఒక ఆడదేనా?"

వరస కదులుతోందని చెప్పాను.

మా అక్క పేరు తనుశ్రీ. అంబత్తూరులో ఒక కంపెనీలో పని. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకాలి. పొద్దున నేను కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తీసుకుని కడంబత్తూరులో కరెంటు రైలు ఎక్కితే, దీపాలు పెట్టాకే ఇల్లు చేరేది. యంత్రాల లోపల నడిచే ప్రోగ్రాములు రాసే విభాగంలోకి మారాలని ఆమెకు ఆశ. దానికి రస్ట్ అనే భాష రావాలన్నారట. రైల్లో సీటు దొరికితే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, దొరక్కపోతే నిలబడి ఫోన్లో చదువుకుంటూ నేర్చుకుంది. ఆదివారాలు వరండాలో కూర్చునేది. నేను పక్కన కాయలు ఒలుచుకుంటూ ఉండేదాన్ని. అమ్మకు జబ్బు చేసినప్పుడు ప్లస్ వన్‌లోనే, అంటే పదకొండో తరగతితో, నా చదువు ఆగిపోయింది. తెరమీద ఏముందో నాకు అర్థమయ్యేది కాదు. తప్పులు చూపే ఎర్ర అక్షరాలు వచ్చాయో లేదో మాత్రం అక్క ముఖం చూస్తే తెలిసేది.

"ఏమంటాది?" అని అడిగాను ఒకసారి.

"ఈ వస్తువును వేరేవాళ్ళకు ఇచ్చేసినావు, ఇంక నీది కాదు, మళ్ళా ఎట్ల వాడతావు అంటాది. పొద్దన్నుంచి ఇదే పాట."

"మన మేనత్త మాదిరి ఉందే."

"అత్తే మేలు. సాయంత్రానికి మర్చిపోతాది."

ఆ భాషలో ప్రతి వస్తువుకూ సొంతదారు ఒక్కరేనట. మిగతావాళ్ళకు కావాలంటే అడిగి తీసుకుని, చూసుకుని, తిరిగి ఇచ్చెయ్యాలి. ఎవరు ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు ఇచ్చారు అన్నది తేలకపోతే ప్రోగ్రాము ముందుకు కదలదు. మా ఇంటి పార సంగతి ఇలాగే ఉంటుంది. కాకపోతే పార విషయంలో ఎవరూ తిరిగివ్వరు. ఈ బాధ పడలేక అక్క ఒక దగ్గరిదారి పట్టింది. క్లోన్ అని ఒక్క మాట రాస్తే అచ్చం అలాంటి వస్తువే ఇంకొకటి తయారు చేసి ఇస్తుంది. అడగడం లేదు, తిరిగివ్వడం లేదు, ఎర్ర అక్షరాలూ లేవు. కొత్తగా నేర్చుకునే వాళ్ళందరూ మొదట్లో అదే చేస్తారని చెప్పింది.

అలా రాసిన ప్రోగ్రాముతోనే మోటరు పెట్టె తయారైంది.

మా బావి మూడిళ్ళది. మాది, వళ్ళియమ్మ పెద్దమ్మ వాళ్ళది, వెంకటముని చిన్నాయన వాళ్ళది. రోజుకొకరి వంతు. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ఎవరో ఒకరు మోటరు షెడ్డులో కాచుకుని ఉండాలి. మా వంతు రోజు మా నాయన పోయేవాడు. ఆయనకు మోకాళ్ళు అరిగిపోయాయి. గట్టు మీద నాలుగడుగులు వేసి, నిలబడి, ఆకాశం చూస్తున్నట్టు నటించి, మళ్ళీ నడిచేవాడు. ఆ నడక చూడలేకే అక్క పెట్టె కట్టింది. కరెంటు రాగానే అది మోటరు వేస్తుంది, ఆ రోజు ఎవరి వంతో వాళ్ళ మడి వైపు వాల్వు తిప్పుతుంది, మూడిళ్ళ ఫోన్లకూ మెసేజి పంపుతుంది. కొన్నాళ్ళు చూద్దాం అని మూడిళ్ళవాళ్ళూ ఒప్పుకున్నారు. నాయన మంచం షెడ్డులోంచి ఇంటికి వచ్చింది.

పోయిన ఏడు చిత్తిరి నెలలో పెరుమాళ్ పెద్దనాయన పోయాడు. వళ్ళియమ్మ పెద్దమ్మ భర్త. ఆ రోజు వంతు వాళ్ళదే. చావు రోజు మోటరు వెయ్యం. వాళ్ళ వరి పొట్టమీద ఉంది, ఎండ మండిపోతోంది. ఇలాంటప్పుడు మర్నాటి వంతు ఎవరిదైతే వాళ్ళు తమ నీళ్ళు ఆ ఇంటి మడికి వదలాలి. చెప్పుకోవడం కూడా ఉండదు, అది మా పద్ధతి. మర్నాడు మా వంతు. అక్క చావింటి పందిట్లో కూర్చునే ఫోన్లో వంతు మార్చింది. కరెంటు వచ్చింది. "వళ్ళియమ్మ మడికి నీళ్ళు" అని మూడు ఫోన్లకూ మెసేజి వచ్చింది. ఇంక ఎవరూ పొలం వైపు పోలేదు. అందరం చావు పనుల్లో ఉన్నాం.

ఆ మర్నాడు తెల్లారి పాలు పితకడానికి పోయిన వెంకటముని చిన్నాయన మధ్యదారి నుంచే అరుస్తూ వచ్చాడు. పెద్దమ్మ మడి బీటలు తీసి ఉంది. నీళ్ళన్నీ మా మడిలోకి పారాయి.

అక్క షెడ్డు గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచి చూసింది. తప్పు కనిపించడానికి ఎక్కువసేపు పట్టలేదు. మెసేజి పంపే భాగానికి వంతుల వరస ఒక నకలు, వాల్వు తిప్పే భాగానికి ఇంకొక నకలు. రెండూ క్లోన్ చేసి ఇచ్చినవే. ఫోన్లో మార్చింది ఒకదాంట్లో పడింది. రెండోది పాత వరసే పట్టుకుని కూర్చుంది.

"ఎవురు చేసినారు ఇది?" అన్నాడు చిన్నాయన.

"నేనే చిన్నాయనా. తప్పు నాదే."

"విన్నారా, దాని నోటితో అదే ఒప్పుకున్నాది!" అని ఆయన చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. ఊళ్ళో పుట్టిన మాట అక్కడే పుట్టింది.

నేను ఒక మాట చెప్పబోయాను. నాయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. చావు జరిగిన ఇంటివాళ్ళ ముందు ఏడాది తిరిగేదాకా మన నష్టం చెప్పుకోవడం మాలో లేదు. నోరు మూసుకున్నాను.

పెట్టె ఆపేశారు. ఉంచాలో పీకెయ్యాలో పదహారోనాటి కరుమాది అయ్యాక పెద్దమ్మ చెప్పాలన్నారు. నాయన మంచం మళ్ళీ షెడ్డుకు పోయింది.

కరుమాది దాకా అక్క సరిగ్గా తిన్నది నేను చూడలేదు. నకళ్ళన్నీ తీసేసింది. వరస ఒక్క చోటే ఉండాలి, రెండు భాగాలూ దాన్నే అడిగి చూడాలి. తీసేకొద్దీ ఎర్ర అక్షరాలు తెర నిండా వచ్చాయి. ఇంతకుముందైతే వాటి నోరు ఎలా మూయించాలా అని చూసేది. ఇప్పుడు ఒక్కొక్కటీ చదువుతోంది.

"ఇది అప్పుడే చెప్పింది పాపా," అంది, కళ్ళు నులుముకుంటూ. "ఒకరు మారుస్తా ఉంటే ఇంకొకరు చూడకూడదు, ముందు తేల్చుకో అనింది. నాకే వినే ఓపిక లేకపోయింది."

కరుమాది మర్నాడు పెద్దమ్మ వాకిట్లో అందరూ కూర్చున్నారు.

"పీకి పారేద్దాం వదినా," అన్నాడు చిన్నాయన. "నోటిమాట మీద నడిచిన బావి ఇది. పెట్టెకు మానం మర్యాదా తెలుస్తాదా?"

పెద్దమ్మ మెల్లగా అంది.

"కొన మడి తాలు పోయింది. పోయింది పోయింది. నా వంతు రోజు ఆయన పొయ్యి కూసునేవోడు. ఇప్పుడెవురు కూసుంటారు మునీ? నువ్వు కూసుంటావా?"

చిన్నాయన తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు.

"ఉండనీ పెట్టె," అంది పెద్దమ్మ. "నేను ఫోన్ను నమ్మను. నా వంతు రోజు ఈ చిన్నది పొయ్యి, నా మడిలో నీళ్ళు పడతాండాయా అని కంటితో చూసి రావాల."

చిన్నది అంటే నేను. అలా ఆ పని కూడా నాకు వచ్చింది.

ఆడికృత్తిక పండక్కి చిన్నాయన తిరుత్తణికి కావడి ఎత్తుకుని పోయాడు. కొండ మెట్ల మీంచి అక్కకు ఫోన్ చేసి, నా వంతు వదినకు ఇచ్చెయ్, ఆ మాట పెట్టెతో చెప్పు, అని విసుక్కున్నాడు. వెనక అరోహరా అని భక్తుల అరుపులు. అక్క రైల్లోనే వంతు మార్చింది. నేను గట్టు మీద నిలబడ్డాను. మోటరు మోగింది, మెసేజి వచ్చింది, పైపు కక్కి కక్కి పెద్దమ్మ మడిలోనే నీళ్ళు పోసింది.

"పడినాయిక్కా," అన్నాను ఫోన్లో.

"సరే," అంది. వెనక రైలు చప్పుడు. "కొంచెంసేపు నిద్రపోతా, పెట్టెయ్."

అక్క ఇప్పటికీ వేరేవాళ్ళ తప్పులు వెతికే విభాగంలోనే ఉంది. యంత్రాల విభాగంలోకి మారడానికి పరీక్ష రాసింది, ఇంకా పిలవలేదు. పెట్టె నడుస్తోంది. నాయన మంచం ఇంట్లో ఉంది. నేను ఇంకా మూడు రోజులకొకసారి పెద్దమ్మ గట్టు మీద నిలబడుతున్నాను.

పెద్దనాయన ఏడాది కర్మ పోయిన వారం అయిపోయింది. ఇక చెప్పొచ్చు. ఆ రోజు మా మడిలో నీళ్ళు కావలసిన పైరేదీ లేదు. పెద్దనాయన పోయే ముందటి రోజే పీకిన వేరుశనగ, చెట్లతో సహా మడి నిండా ఎండకు పరిచి ఉంది. ఆ నీళ్ళు పారింది దాని మీదే. చావు పనులు అయ్యి మేము తిరగేసి చూసేసరికి కాయలు మొలకెత్తాయి.