జరీ పోగు కొట్టిన డిప్పర్

2023లో వానాకాలం వరి కోతలు మొదలైన రోజులవి. గద్వాలలో ఒక కార్ల సర్వీసు సెంటర్‌లో నేను ఎలక్ట్రీషియన్‌ని. మాది బిజినేపల్లి. ట్రాక్టర్లకు హెడ్‌లైట్లు బిగిస్తూ ఈ పని నేర్చుకున్నాను. ట్రాక్టరు లైటు అయితే వెలుగుతుంది, లేకపోతే వెలగదు, అంతకుమించి దానికి ఏ తెలివీ ఉండేది కాదు. ఇప్పటి కార్ల లైట్లకు సొంత బుద్ధి వచ్చింది. సొంత బుద్ధి వచ్చినదానితో వేగడం ఎంత కష్టమో పెళ్లీడు పిల్లలున్న వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కుంటుంటే కొత్త కారొకటి వచ్చి ఆగింది. నడుపుతున్నది ముప్పై ఏళ్ల అమ్మాయి. పక్క సీట్లో తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి, మొహంలో చిటపటలు. కారు ఆగీ ఆగకముందే ఆయన తాళంచెవి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. నాకు అది వింతగా అనిపించింది.

అమ్మాయి పేరు శ్రీలత, ధరూర్ వైపు ఒక దవాఖానలో నర్సు. పెద్దమనిషి ఆమె మామ వెంకటయ్య. గద్వాల చీరలు నేసే ఇంటివాడు, నలభై ఏళ్లుగా మగ్గం దిగనివాడు. శ్రీలత భర్త సురేశ్ ఆ చీరలే అమ్ముకొస్తాడు.

"కారుల ఆటోమేటిక్ లైట్లున్నయ్ మేస్త్రీ. అవి మంచిగున్నయా లేవా, జర చూసి చెప్పు. మంచిగుంటే ఇగ తాళంచెవి నా కాడనే ఉంటది," అన్నాడు వెంకటయ్య.

సంగతి శ్రీలత చెప్పింది. దవాఖాన నుంచి ఆమె బయలుదేరేసరికి పొద్దుగూకుతుంది. దారిలో హెడ్‌లైట్లు వాటంతటవే పైకీ కిందికీ కొట్టుకుంటున్నాయి. మన రోడ్ల మీద లైట్లు కొట్టడానికి ఒక భాష ఉంది. ఒకసారి కొడితే 'నేనొస్తున్నా, ఆగు', రెండుసార్లు కొడితే 'పక్కకు జరుగు', ఊరికే కొడుతూ ఉంటే కయ్యానికి కాలు దువ్వినట్టే. ఎదురొచ్చే బండ్ల వాళ్లందరూ శ్రీలత తమతో కయ్యానికి వస్తోందనుకున్నారు. ఆ బండ్ల వాళ్లలో వెంకటయ్య బావ ఒకాయన కూడా ఉన్నాడు. ధరూర్‌లో ఉంటాడు, మాటపట్టింపు మనిషి. మోటర్ సైకిల్ మీద వెళ్తుంటే శ్రీలత కారు ఆయనకు వరసగా డిప్పర్ కొట్టిందట. మర్నాడే గద్వాల వచ్చి, "నీ కోడలు నన్ను రోడ్డు దిగమని లైట్లు కొడుతదా?" అని బావమరిదిని నిలదీశాడు.

"మా సురేశ్ నడిపితే గిట్ల ఎన్నడూ కాలే. ఈమె నడిపితేనే అయితది. మరి తప్పు ఎవలది?" అన్నాడు వెంకటయ్య.

శ్రీలత గొంతు పెంచలేదు. "నేను ఆ కాడను ముట్టుకోనే లేదన్నా," అంది నాతో. స్టీరింగ్ పక్కన లైట్లు మార్చే కాడ ఒకటుంటుంది, ఆమె చెప్పేది దాని గురించే.

ఆ కారులో ఉన్నది ఆటో హై బీమ్. హై బీమ్ అంటే దూరం దాకా కొట్టే లైటు, లో బీమ్ అంటే దగ్గర రోడ్డు మీద వంగి పడేది. చీకటి రోడ్డు మీద హై బీమ్ వేసుకోవాలి, ఎదుటివాడు రాగానే దించాలి. దించడం మనవాళ్లకు ప్రాణసంకటం. ముందు వాడు దించితే నేను దించుతా అని ఇద్దరూ భీష్మించుకుని, ఇద్దరూ కళ్లు పోగొట్టుకుని దాటుకుంటారు. ఆ బాధ్యతను కారుకే అప్పగించారు. ముందు అద్దం లోపలివైపు, వెనక చూసే అద్దానికి ఆనుకుని, ప్లాస్టిక్ మూత కింద ఒక చిన్న కెమెరా ఉంటుంది. అది రోడ్డును చూడదు, రోడ్డు మీది వెలుగులను చూస్తుంది. తెల్లగా ఉండి పెద్దదవుతూ వస్తుంటే ఎదురొచ్చే బండి. ఎర్రగా చిన్నగా ఉంటే మన ముందు పోయే బండి. పైన వరసగా ఉంటే వీధి దీపాలు, అంటే ఊరొచ్చింది. ఈ మూడింటిలో ఏది కనబడినా లైటు దించుతుంది. ఏదీ లేకపోతే, కారు కాస్త వేగంగా పోతుంటే, లైటు ఎత్తుతుంది.

నేను స్కానర్ పెట్టాను. కారులోని కంప్యూటర్లను పలకరించే పరికరం అది. ఎక్కడైనా నొప్పి ఉంటే కారు చెబుతుంది. ఈ కారు ఏమీ చెప్పలేదు. అద్దం బయట తుడిచాను. లైట్లు చూశాను. వెనక చూసే అద్దానికి జరీ అంచు ముక్క ఒకటి వేలాడుతోంది, అరచేతి వెడల్పున, నిండు ఎరుపు మీద బంగారు గోపురాలు. ఎంత బాగుందో! కార్లలో పూసల దండలు, నిమ్మకాయలు, దేవుడి బొమ్మలు రోజూ చూసేవాణ్ణే. దాన్ని మెచ్చుకుని పక్కకు వచ్చేశాను.

"కారులో తప్పేం కనబడతలేదు కాకా," అన్నాను.

వెంకటయ్య జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇన్నవా బిడ్డా," అన్నాడు.

శ్రీలత మొహం వాడిపోయింది. "ఆ ఆటోమేటిక్‌ను బంద్ చేసిస్త చెల్లె, చేతితోనే వేసుకో," అన్నాను. అది నిమిషం పని.

"బంద్ చేసుకుంటే బండి నడుస్తది అన్నా. కానీ తప్పు నాదే అయి కూసుంటది. కారుల ఏం లేదంటే నాల ఉన్నట్టే గదా? రేపటిసంది నేను ఆటో కోసం రోడ్డు మీద నిలబడాలె. ఏదైతే అది తేల్చి చెప్పు," అంది.

న్యాయమైన మాట. అప్పుడే నాకు ఇంకో సంగతి తట్టింది. "కాకా, సురేశ్ కారు ఎక్కడెక్కడ నడుపుతడు?"

"ఎక్కడంటే, గద్వాలలనే. బజారుకు, దుకాణాలకు. దూరమైతే పొద్దుగాలనే పోతడు."

ఊళ్లో వీధి దీపాలున్నంతసేపూ ఈ కారు లైటు ఎత్తనే ఎత్తదు. పగలు దానికి పనే లేదు. ఎత్తని లైటు దిగడమెలా? సురేశ్ మంచి డ్రైవరే కావచ్చు, కానీ ఆ పరీక్షకు ఆయన ఎన్నడూ కూర్చోలేదు. ఈ మాట చెప్పాక వెంకటయ్య కొంచెం మెత్తబడ్డాడు. "సరే, పొద్దుగూకినంక నువ్వే వచ్చి చూడు," అని తాళంచెవి బయటికి తీశాడు.

సాయంత్రం శ్రీలత నడుపుతుంటే, వెంకటయ్య ముందు, నేను వెనక కూర్చుని ధరూర్ రోడ్డు పట్టాం. ఊరు దాటేదాకా లో బీమ్. చివరి వీధి దీపం వెనకబడగానే హై బీమ్ లేచి, దూరాన కోసిన మళ్లదాకా వెలుగు పరుచుకుంది. లారీ ఒకటి ఎదురొచ్చింది, లైటు బుద్ధిగా దిగింది. లారీ పోయింది, మళ్లీ లేచింది.

"మంచిగనే ఉంది గదా!" అన్నాడు వెంకటయ్య.

కొంతదూరం పోయాక రోడ్డు చెడింది. ఒక పక్కన వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. మిగిలిన సగం గుంతలు. కారు ఊగడం మొదలైంది, దానితోపాటు లైట్లూ మొదలయ్యాయి. పైకి, కిందికి, పైకి, కిందికి. రోడ్డు మీద ఒక్క బండి లేదు.

"చూడు మామా, నా చేతులు యాడున్నయో చూడు!" అంది శ్రీలత. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

వెంకటయ్య వంగి మరీ చూశాడు. "మోకాలు తగులుతుందేమో?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

అంతలో ఎదురుగా మోటర్ సైకిల్ వచ్చింది. లైట్లు దాని మీద కూడా పైకీ కిందికీ ఆడాయి. "ఓ అక్కా, కండ్లు పోతున్నయ్! ఎందుకట్ల కొడుతున్నవ్?" అని అరుచుకుంటూ పోయాడు అతను. వెంకటయ్యకు తల కొట్టేసినట్టయింది. ఏం చెయ్యాలో తోచక, వేలాడుతున్న జరీ అంచును లాగి కళ్లకద్దుకున్నాడు. "జములమ్మ తల్లీ, నీదే భారం," అన్నాడు.

లైట్లు నిలిచిపోయాయి. రోడ్డు అలాగే ఉంది, గుంతలు అలాగే ఉన్నాయి. హై బీమ్ మాత్రం కదలకుండా నిలబడింది.

ఆయన వదిలాడు. పైకి, కిందికి. మళ్లీ లాగి కళ్లకద్దుకున్నాడు. నిలిచింది.

"సూసినవా మేస్త్రీ, తల్లి మహిమ!" ఆయన గొంతులో ఆనందం చూడాలి.

"చూసిన కాకా. ఇంకోసారి మొక్కు," అన్నాను. మొక్కాడు. "ఇగ వదులు." వదిలాడు. "మళ్లీ మొక్కు." నా జన్మలో ఇంత భక్తిగా లైట్లు రిపేరు చేసింది లేదు. శ్రీలత భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. నాలుగోసారికి నాకు సంగతి అర్థమైంది. కారును పక్కకు ఆపమన్నాను.

ఫోన్ లైటు పట్టుకుని అద్దం దగ్గరికి వంగాను. జరీ అంచు అద్దానికి ముడివేసి ఉంది. కానీ దాని ఒక కొస కనబడటం లేదు. కెమెరా మూతకూ గాజుకూ మధ్య సన్నని సందులోంచి లోపలికి పోయింది. మూత ఊడదీశాను. అంచు చివర మిగిలిన బంగారు పోగులు నాలుగైదు, సరిగ్గా కెమెరా కంటి ముందు వేలాడుతున్నాయి. రోడ్డు నున్నగా ఉంటే అవి పక్కన పడుకుంటాయి. కారు ఊగితే కంటికి అడ్డంగా ఊగుతాయి. రోడ్డు పక్క బోర్డు మీద పడి తిరిగొచ్చిన మన వెలుగే జరీ మీద తళుక్కుమన్నా చాలు, ఎవరో ఎదురొస్తున్నారని కెమెరా లైటు దించుతుంది. పోగు పక్కకు జరగగానే ఎవరూ లేరని ఎత్తుతుంది. నిజంగా బండి ఎదురొచ్చినప్పుడు దాని లైటుకు పోగు అడ్డం పడినా అంతే, ఎవరూ లేరనుకుని ఎత్తుతుంది. అంచును లాగి మొక్కినప్పుడల్లా పోగులు బిగిసి పక్కకు తప్పుకుంటున్నాయి. స్కానర్ తప్పు చూపించకపోవడంలో తప్పేమీ లేదు. కెమెరా తన పని తాను బంగారంలా చేస్తోంది.

"ఇది ఇక్కడ ఎవలు దోపిండ్రు?" అని అడిగాను.

శ్రీలతకు తెలుసు. నేను ఆమె మొహమే చూస్తున్నాను, తెలుసు. ఇన్నాళ్లు పడ్డ మాటలకు బదులు తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. ఆమె మాత్రం, "ఎవలో ఏమో అన్నా. మంచిగనే దోపిండ్రు, ఊడకుంట," అంది.

వెంకటయ్య కాసేపు ఆ పోగులను చూశాడు. వాటిని వేళ్ల మధ్యకు తీసుకుని నెమ్మదిగా మెలిపెట్టాడు.

"నేనే," అన్నాడు. "కారు పూజనాడు కట్టిన. ఈమె కారు నేర్చుకుంటున్నదని నేనే నేసిన ముక్క ఇది. కొస వేలాడుతుంటే నాకు పాణం ఒప్పలే. మగ్గం మీద పోగు కొస వేలాడనియ్యం మేము, యాడనన్న సందు చూసి దోపుతం. చెయ్యి అలవాటు. ఇదేదో డబ్బా అనుకున్న. గిందుల కన్ను ఉంటదని నాకేం తెల్సు?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటి దొంగ తనను తానే పట్టుకునేదాకా మొక్కాడు పాపం. నేను నవ్వబోయి ఆయన కళ్లు చూసి ఆగిపోయాను. ముచ్చటపడి కోడలి కోసం నేసిన ముక్కే ఆమెకు మాట తెచ్చిందని ఆయనకు అప్పుడే అర్థమవుతోంది.

నేను కొస బయటికి తీసి, కెమెరా ముందు గాజు తుడిచి మూత బిగించాను. కారు మళ్లీ అదే గుంతల్లో పడింది. లైటు చెక్కుచెదరలేదు. "వెనక్కి తిప్పనా మామా?" అంది శ్రీలత.

"వద్దు. ధరూర్ పోనియ్యి," అన్నాడు.

ధరూర్‌లో బావ ఇంటి ముందు కారు ఆపించాడు. ఆయన అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. వెంకటయ్య దిగి, ఆ నలుగురికీ వినబడేలా చెప్పాడు.

"బావా, ఆ దినం నీకు లైట్లు కొట్టింది నా కోడలు గాదు. నేను."

బావ నోరు తెరిచాడు. "నువ్వా? నువ్వు కారు ఎప్పుడు నేర్చుకుంటివిరా?"

"నేర్చుకోలే. నేర్చుకోకుంటనే కొట్టిన. అందుకే గట్ల కొట్టిన," అన్నాడు వెంకటయ్య. అరుగంతా నవ్వులే. మాటపట్టింపు బావ కూడా నవ్వి, శ్రీలతను లోపలికి రమ్మని, టీ తాగితే గానీ కదలనివ్వలేదు. పనిలో పనిగా నాకూ ఒక టీ దక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు నేను ఒక్క మాట చెప్పాను. కెమెరా వెలుగునే చూస్తుంది. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీని, ఎడ్లబండిని, సైకిల్‌ను అది గుర్తుపట్టకపోవచ్చు. కాబట్టి కాడ మీద ధ్యాస ఉండాలి, ఎప్పుడైనా చేత్తోనే దించుకోవచ్చు. "నాకు రెండు కండ్లున్నయ్ అన్నా, దానికి ఒకటే," అంది. బాగా అర్థమైందన్నమాట.

ఆ తర్వాత సర్వీసుకు ఆమె ఒక్కతే వచ్చింది. తాళంచెవి నా చేతిలో పెట్టింది. దానికి ఆ జరీ ముక్కే, చిన్నగా మడిచి కుట్టి ఉంది. ఎటు తిప్పి చూసినా ఒక్క పోగు కొస వేలాడటం లేదు. వెంకటయ్య చెయ్యి అని వేరే చెప్పాలా?

అప్పటినుంచి ఎవరైనా వచ్చి, "నేనేం చెయ్యలేదు, అదే అట్ల అయితుంది," అంటే నేను స్కానర్ జోలికి పోయేముందు ఆ మనిషిని నమ్ముతాను. వాళ్లనే నడపమని వెనక సీట్లో కూర్చుంటాను. కారు అబద్ధం చెప్పదు, కానీ దానికి కనబడిందే అది చెబుతుంది. ఆ రోజు శ్రీలత చేతులు చెప్పిన నిజం ఏ స్కానరూ నాకు చెప్పలేదు.