పచ్చవైపు పైకి

మాలకీ టియర్నన్ నాలుగో తరగతితో చదువు ఆపేశాడు. ఆ నాలుగేళ్ళలోనూ పంతులు చెప్పింది విన్న రోజులకంటే బడి పొయ్యికి ఇంటినుంచి పీట్ మోసుకెళ్ళిన రోజులే ఎక్కువ. కానీ గ్లాన్‌డూ కొండవాలులో పార ఎక్కడ దిగుతుందో, మనిషి ఎక్కడ దిగబడతాడో అతని అరికాలికి తెలుసు. యాభై రెండేళ్ళు వచ్చేసరికి అతనికి మిగిలినవి ఒక సన్నటి కోతపార, పెళ్ళికాని బతుకు, ముక్కుమీద కోపం, కొండకింద వాగు పక్కన కాపురముంటున్న చెల్లెలు సబీనా. మొదటి మూడూ పోయినా పోనీ అనేవాడేమో, చెల్లెలి మీద మాత్రం ఈగ వాలనిచ్చేవాడు కాదు.

ఐర్లండ్ పడమటి అంచున ఉన్న మా కొండల మీద మట్టి తక్కువ. నాచు మీద నాచు చచ్చి, కుళ్ళీ కుళ్ళకుండా నీళ్ళలో నాని, వేల ఏళ్ళుగా పేరుకున్న పీట్ అనే నల్లముద్దే మాకు నేల. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వేసుకుంటాం. కోతకు ముందు పైనున్న గడ్డిని వేళ్ళతో సహా పెళ్ళలుగా ఒలిచి పక్కన పెట్టాలి. కోత అయ్యాక ఆ పెళ్ళల్ని గుంత అడుగున పరవాలి, పచ్చవైపు పైకి. అలా పరిస్తే నాలుగేళ్ళలో అక్కడ గొర్రె మేస్తుంది. బద్ధకించి బోర్లా పడేస్తే ఆ నేల చచ్చినట్టే. గ్లాన్‌డూలో తాగుబోతులను క్షమించారు, గొర్రెల దొంగను కూడా ఒకణ్ణి క్షమించారు. పెళ్ళను బోర్లా వేసినవాడితో మాత్రం ముప్ఫై ఏళ్ళు ఎవరూ మాట్లాడలేదు. మాలకీ తండ్రి ఓవెన్ పోయినప్పుడు చర్చి ముందు జనం చెప్పుకున్నది ఒకటే మాట, ఆయన చేత్తో పెళ్ళ ఎప్పుడూ తలకిందులు కాలేదని. అంతకుమించిన పొగడ్త మాకు తెలియదు.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరు వేసవిలో పట్టుమని పది వానలు కురవలేదు. కొండ మీద నాచు తెల్లబడి, చెప్పుకింద అప్పడంలా విరిగేది. ఆ ఆగస్టులో విశ్వవిద్యాలయం నుంచి డెర్వ్లా అనే అమ్మాయి పొడవాటి ఇనుప గొట్టం పట్టుకుని వచ్చింది. కొండ లోపల పాతకాలపు వానలూ ఎండలూ రాసి ఉన్నాయని, వాటిని చదవాలని చెప్పింది. దారి చూపించడానికి మాలకీని కుదుర్చుకుంది.

ఆమె పని మొదలుపెట్టకముందే టామ్సీ కొయిన్ ఇద్దర్ని వెంటేసుకుని మాలకీ ఇంటికొచ్చాడు. ముగ్గురికీ ఆ కొండ మీద కోత హక్కులున్నాయి. చదువుకున్నవాళ్ళు వచ్చి కొండను కెలికారంటే ఆ తర్వాత అధికారులొస్తారని, కోత ఆపేయమంటారని, కాబట్టి అడిగినదానికల్లా గొప్పగా జవాబు చెప్పొద్దని హెచ్చరించాడు. మాలకీ తలూపాడు. పీట్ లేకపోతే చలికాలం ఎలా గడుస్తుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

డెర్వ్లా గొట్టాన్ని తిప్పుతూ దింపి, పైకి లాగి, తెరిచి చూపించేది. లోపల కొండ పొరలుపొరలుగా ఉండేది. నల్లగా ముద్దకట్టినవి పొడి కాలాలు, నాచు బాగా కుళ్ళిందని అర్థం. గోధుమరంగువి తడి కాలాలు, ఆకు కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది.

"నల్లది మండుతుంది, గోధుమది పొగబెడుతుంది. ఇది చెప్పడానికి అంత దూరం నుంచి రావాలా అమ్మాయ్?" అన్నాడు మాలకీ.

"ఎందుకు మండుతుందో మీకిప్పుడు తెలిసిందిగా," అని నవ్వింది.

అతనికి ఆ పిల్ల నచ్చింది. సబీనా ఇంటి వెనక వాగు గట్టును కూడా ఆమె పారతో శుభ్రంగా చెక్కింది. ఉధృతంగా వచ్చిన వరదలు ఇసుకను, మెల్లగా వచ్చినవి మెత్తటి బంకమట్టిని వదిలిపోతాయట. ఆ ఇసుకకూ మట్టికీ మధ్య పిడికిలి మందాన ఒక నల్లటి చార కనిపించింది. డెర్వ్లా దాన్ని చాలాసేపు చూసి, కొలిచి, పుస్తకంలో రాసుకుంది.

మూడోరోజు సబీనా ఇంటికి సరిగ్గా ఎగువన, నిలువు వాలులో గొట్టం దింపింది. రెండు జానల లోతునుంచి వచ్చిన ముక్కను చూసి నవ్వు ఆపేసింది. కింద ఎండి బీటలువారిన నల్లపొర, పైన మందపాటి గోధుమ పొర, రెంటికీ మధ్య చెదిరిన పెళ్ళ ఒకటి ఉంది. ఆ పెళ్ళలో గడ్డి కిందికీ వేళ్ళు పైకీ ఉన్నాయి.

"ముందు బాగా ఎండ, తర్వాత బాగా వాన," అంది తనలో తాను చదువుకుంటున్నట్టు. "మధ్యలో ఏదో జరిగింది. మాలకీ గారూ, ఇక్కడెవరైనా తవ్వారా? తవ్వకపోతే మాత్రం ఈ వాలు ఒకసారి జారిందనుకోవాలి. కింద వాగు గట్టులో ఉన్న నల్లచారా అదే అవుతుంది. కచ్చితమైన వయసు తేలడానికి నెలలు పడుతుంది, అందాకా మీ మాటే నాకు ఆధారం."

జారిందని రాస్తే కొండకు తాళం పడుతుంది. టామ్సీ మొహం మాలకీ కళ్ళముందు ఆడింది.

"మా నాన్న తవ్వాడు. తర్వాత పూడ్చేశాడు," అన్నాడు.

"పెళ్ళ బోర్లా ఉందే?"

అక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ ఒక అబద్ధం చెప్పిన నోరు రెండోదానికి వెనకాడదు.

"బోర్లానే వేశాడు," అన్నాడు.

ఆమె రాసుకుంది. ఓవెన్ టియర్నన్ జీవితంలో ఎప్పుడూ ఆ వాలులో పార పెట్టలేదు, అది నమ్మదగ్గ నేల కాదనేవాడు. చచ్చిన తండ్రికి ఊళ్ళో ఉన్న ఒక్క మంచిపేరునూ తీసి ఇనుప గొట్టం పక్కన పారేసి, మాలకీ ఇంటికి నడిచాడు. సిగ్గుతో ఒళ్ళంతా మండింది.

సెప్టెంబరు సగం నుంచి వానలు పట్టుకున్నాయి. పదకొండు రోజులు తెరిపి లేదు. ఊళ్ళో అందరూ దేవుడికి దండం పెట్టారు. ఫుట్‌బాల్ ఫైనల్ ఉన్న ఆదివారం మధ్యాహ్నం మాలకీ ప్రార్థనకు వెళ్తూ దారిలో వంతెన మీద ఆగాడు. పదకొండు రోజుల వానకు వాగు గట్లు తెంచుకుని పారాలి. చీలమండ తడిసేంత నీళ్ళు కూడా లేవు. ఉన్న ఆ కాస్తా సిరాలా నల్లగా ఉంది.

మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నట్టు?

చర్చి గంట మోగుతుండగా వెనక్కి తిరిగి కొండెక్కాడు. గొట్టం దింపిన చోటికి పైన వాలుకు అడ్డంగా ఒక బీట కనిపించింది. వేసవి ఎండకు విచ్చుకున్న బీటే, ఇప్పుడు చెయ్యి భుజందాకా దూరేంత అయింది. చుట్టుపక్కల పారే ప్రతి పాయా అందులోకే దిగుతోంది. ఏ పాయా కిందెక్కడా బయటికి రావడం లేదు. నిలబడ్డచోట నేల మెల్లగా, నిద్రపోతున్న ఆవు పొట్టలా ఉబ్బింది.

ముందు బాగా ఎండ, తర్వాత బాగా వాన. ఆ పిల్ల చదివినప్పుడు పాతకాలం కబురనుకున్నాడు. అది ఈ ఏడాది కబురు. కింద సబీనా ఇంటి పొగగొట్టం నుంచి పొగ నిదానంగా లేస్తోంది. ఆ ఇల్లు కట్టింది గట్టులో ఉన్న ఆ నల్లచార మీదే.

జారుతూ పడుతూ దిగాడు. ఇంట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. సబీనా మొగుడు ఫెస్టస్ దగ్గర కొత్త బ్యాటరీలు వేసిన రేడియో ఉంది, అందుకని టామ్సీ, మిగతా ఇద్దరు హక్కుదారులు అక్కడే చేరారు. ఫెస్టస్ తల్లి హనోరా కాళ్ళు పడిపోయి ఆరేళ్ళయింది, రేడియో పక్కన కుర్చీలో కూర్చుంది. రెండో సగం మొదలైంది, రెండు జట్లూ సమానంగా ఉన్నాయి.

వాలు కదలబోతోందని, లేచి వంతెన దాటమని మాలకీ చెప్పాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఫెస్టస్ విసుక్కుంటూ, ఆ వాలు ఎప్పుడూ కదల్లేదని, అక్కడున్నది మాలకీ నాన్న తవ్విన గుంతేనని, ఆ మాటే డెర్వ్లాకి చెప్పానని టామ్సీతో అన్నది మాలకీయే కదా అని గుర్తుచేశాడు.

"అబద్ధం చెప్పాను," అన్నాడు మాలకీ.

టామ్సీ చెవి రేడియో మీదనుంచి తియ్యకుండానే, "ఒరే, అబద్ధం అప్పుడు చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా? ఏదో ఒకటి తేల్చుకుని, ఆట అయ్యాక రా," అన్నాడు.

అందరూ నవ్వారు. ఇంటి వెనక కట్టేసిన ఆవు ఒక్కసారి అరిచి మానేసింది. మాలకీ రేడియోను రెండు చేతులతో ఎత్తి చంకన పెట్టుకుని బయటికి పరుగెత్తాడు.

అంతవరకూ కొండ కూలుతుందంటే కదలని మనుషులు గోల్ వినబడక కదిలారు. టామ్సీ బండబూతులు తిడుతూ వెంటపడ్డాడు, మిగతా ఇద్దరూ అతని వెనక. గుమ్మం దాటబోతున్న ఫెస్టస్‌ను హనోరా కేకేసి ఆపింది.

"నన్నెవడు మోస్తాడ్రా? కుర్చీతో ఎత్తండి. ఆ దొంగవెధవ ఎటు పోతే అటు నడవండి."

ఫెస్టస్ ఒక్కడివల్ల కాలేదు. టామ్సీ తిట్టుకుంటూనే వెనక్కొచ్చి ఇంకోపక్క పట్టాడు. ఇద్దరూ కుర్చీ మోస్తూ బురదలో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంటే, మాలకీ వంతెన అవతల నిలబడి వాళ్ళను కాదు, వాళ్ళ వెనకున్న గుమ్మాన్ని చూస్తున్నాడు. సబీనా రాలేదు. చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఆమెకు ఆటా అక్కర్లేదు, అన్న వేషాలూ కొత్త కాదు. పొయ్యి మీద దుంపలు ఉడుకుతున్నాయని, వాటికి కాళ్ళు లేవని అక్కణ్ణించే అరిచింది.

వాలు మీద గొర్రెలు ఒక్కసారిగా పక్కకు పరుగెత్తాయి. వెళ్ళి లాక్కొద్దామంటే అడుగు సందులేని వంతెనను కుర్చీ ఆక్రమించింది. మాలకీ చెల్లెల్ని ఏ మాట కదిలిస్తుందా అని వెతుక్కున్నాడు. కదిలించే మాట ఒక్కటే ఉంది.

"సబీనా! నాన్న పెళ్ళను బోర్లా వేశాడని చెప్పాను. ఆ అమ్మాయి పుస్తకంలో రాయించాను."

సబీనా చేతులు విడిపోయాయి. "ఏమన్నావ్?"

"బోర్లా వేశాడని చెప్పాను."

ఆమె పరుగెత్తలేదు, నడిచింది. కుర్చీ దాటగానే వంతెన మీదికొచ్చింది. మొహం సున్నంలా తెల్లబడింది. తిన్నగా అన్న ముందుకొచ్చి, ఊళ్ళో ముగ్గురి ముందు, అత్తగారి ముందు, మొగుడి ముందు అతని చెంప ఛెళ్ళుమనిపించింది. రెండోసారి చెయ్యెత్తింది కూడా.

ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. తడి దుప్పటి చిరుగుతున్నట్టు ఒక శబ్దం, అంతే. ఎగువ వాలు మొత్తం గడ్డితో, గొర్రెల దారితో సహా కదిలి, మధ్యలో విరిగి, లోపలి నల్లదనం బయటపెట్టింది. ఆవు ఉన్న కొట్టం ముందు పోయింది. తర్వాత ఇల్లు కిటికీలదాకా, చూరుదాకా మునిగింది. పొగగొట్టం నుంచి మాత్రం ఇంకాసేపు పొగ వచ్చింది. మాలకీ చంకలో రేడియో ఎవరో గోల్ కొట్టారని అరిచింది, ఎవరు కొట్టారో ఇప్పటికీ ఆ ఏడుగురిలో ఒక్కరూ చెప్పలేరు.

చాలాసేపటికి సబీనా చెయ్యి దించింది. నీకెలా తెలుసని అడిగింది.

"నాన్న వెయ్యడు కదా," అన్నాడు మాలకీ. "వేళ్ళు పైకున్న పెళ్ళను చూశాను. మనిషి చెయ్యి కానప్పుడు అది కొండే అయ్యుండాలి. నాకు ఆ రోజే తెలుసు, సబీనా." అని ఏడ్చాడు. అతను ఏడవగా గ్లాన్‌డూలో ఎవరైనా చూసింది ఆ ఒక్కరోజే.

అధికారులొచ్చి కొండ మీద కోత ఆపేశారు. ఆ చలికాలం టామ్సీ మాలకీకి ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక వాతావరణం గురించి మాట్లాడేవాడు. సబీనా కాపురం అన్న ఇంట్లోకి మారింది. హనోరా ఆట పోగొట్టినందుకు అతన్ని రోజుకొకసారి తిట్టేది, తిట్టాక తన టీలో సగం అతని కప్పులో పోసేది.

వసంతంలో డెర్వ్లా వచ్చింది. వచ్చేసరికి మాలకీ, ఫెస్టస్ కొట్టుకొచ్చిన ముద్ద మీద బోర్లాపడ్డ పెళ్ళల్ని ఒక్కొక్కటే తిరగేస్తున్నారు. ఎకరాలకొద్దీ ఉన్నాయి, ఇద్దరు మనుషులకు అయ్యే పని కాదు. డెర్వ్లా పొడి గట్టు మీద కూర్చుని పుస్తకం తీసి పాత వాక్యాన్ని కొట్టేసింది. ఇప్పుడేం రాయమంటారని అడిగింది.

మాలకీ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "రాయి. ఓవెన్ టియర్నన్ ఈ వాలులో ఎప్పుడూ తవ్వలేదు. తవ్విన ప్రతిచోటా పెళ్ళను పచ్చవైపు పైకే పెట్టాడు."

మొదటిది చాలని, రెండోది నివేదికకు అక్కర్లేదని ఆమె మెల్లగా చెప్పింది.

"నాకు కావాలమ్మాయ్," అన్నాడు.

ఆమె రాసి, చదివి వినిపించింది. మాలకీ ఇంకోసారి చదివించుకుని, వంగి తర్వాతి పెళ్ళ కింద పార పెట్టాడు.