పసుపు జెండా

మా అత్తయ్యకు జబ్బు చేసిన సంగతి ఎడ్మంటన్‌లో మా ఇంటి ముగ్గురికీ, ఆసుపత్రివాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పమంది. చెప్పాను. దాంతో తెలిసిన తెలుగువాళ్లంతా తలా ఒక నూనె సీసా తెచ్చిపెట్టారు. అల్మారాలో ఒక అర నిండిపోయింది. వైద్యం పూర్తయి నాలుగు నెలలైనా ఆవిడ గడప దాటలేదు. “జుట్టు ఊడిన ఈ తల చూసి అయ్యో పాపం అంటారే. ఆ మాట నేను పడలేను” అనేది. జబ్బు పేరు ఇంట్లో కూడా ఎవరూ పలకకూడదు. దొంగతనం చేసినట్టు ఈ దాపరికం ఏమిటని నాకు ఒళ్లు మండేది. కానీ ఆవిడ ఆ గదిలోనే ముడుచుకుపోతుందేమోనన్న భయం కోపం కంటే ఎక్కువగా ఉండేది.

అందుకే మా ఆఫీసులో క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం రెండు రోజుల సైకిల్ యాత్ర అని పేర్లు రాసుకుంటుంటే, ఆవిడ కోసం ఏదో ఒకటి చెయ్యాలని నేనూ ఇచ్చాను. అంతకుముందు నేను సైకిలెక్కింది ఇంటర్లో. “ఈ వయసులో ఇదేం పోయేకాలమే నీకు” అంది అత్తయ్య. సైకిలు వెనక కట్టుకోవడానికి జెండా ఇస్తారని చెబితే మాత్రం సలహా ఇచ్చింది. “తెల్లది ముట్టుకోకు. పసుపు ఉంటే అదే తీసుకో. శుభం.”

యాత్ర మొదలయ్యేచోట బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో తెల్ల జెండాలు, ఇంకోదాంట్లో పసుపువి. అత్తగారి మాట జవదాటని కోడలిని కనుక పసుపుది తీసుకున్నాను. అక్కడున్న అమ్మాయి లేచి వచ్చి నన్ను కౌగిలించుకుంది. మంచి మర్యాదస్తులు అనుకున్నాను.

ఊరు దాటాక రెండువైపులా మన ఆవచేలలాంటి కనోలా చేలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. నన్ను దాటిపోయే ప్రతివాళ్లూ గంట కొట్టి, శభాష్ అని వెళుతున్నారు. నా వేగానికి అంత సీను లేదు. మధ్యాహ్నం ఎదురుగాలిలో నేను ఆయాసపడుతుంటే, పసుపు జెండా ఉన్న ఒక పెద్దాయన పక్కకు వచ్చాడు. “హౌ మెనీ ఇయర్స్?” అన్నాడు. కెనడా వచ్చి ఎన్నేళ్లయిందని మమ్మల్ని అడగనివాళ్లు లేరు. “ట్వెల్వ్” అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. “నాకింకా ఆరే” అన్నాడు. చూడబోతే ఆయన తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నట్టున్నాడు. నాకు అర్థం కాలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆయనే నా ఎదురుగా కూర్చున్నాడు. మొదటి రెండేళ్లూ స్కాన్ అంటే వణికిపోయేవాడినని, నాలా పన్నెండేళ్లు దాటినవాళ్లు కనిపిస్తే కొండంత ధైర్యమని చెప్పాడు. అప్పుడు తెలిసింది, పసుపు జెండా ఆ జబ్బు నుంచి బయటపడ్డవాళ్లకిస్తారని. సిగ్గుతో చచ్చిపోయాను. జెండా ఊడదీసి నిజం చెప్పేశాను, అత్తయ్య సంగతితో సహా. బయటివాళ్ల ముందు ఆ జబ్బు పేరు పలకడం నాకదే మొదలు. ఆయన పగలబడి నవ్వాడు. “అయితే దాన్ని ఆవిడకే ఇవ్వు” అన్నాడు.

మర్నాడు సాయంత్రం యాత్ర ముగిసేచోటికి, కారు దిగక్కర్లేదని ఒప్పించి మావారు అత్తయ్యను తీసుకొచ్చారు. కనుబొమ్మల దాకా స్కార్ఫు కట్టుకుని, కారు అద్దాలు పైకెత్తుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పాను. బయట చెప్పినందుకు తిట్టే తిట్లకు సిద్ధపడ్డాను.

“అంతమందీ నీకు గంటలు కొట్టారా?”

“కొట్టారండి.”

“జాలిపడా?”

“కాదత్తయ్యా. పందెం గెలిచినవాళ్లకు కొట్టినట్టు.”

ఆవిడ అద్దంలోంచి బయటికి చూసింది. తర్వాత చెయ్యి చాపింది. “ఇలా తే. రెండు రోజులు తొక్కావుగా, ఇక మోకాళ్ల నొప్పులు నీవి. ఆ జెండా నీకెందుకు?”

తలుపు తీసుకుని తనే దిగింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కాస్త దూరంలో సైకిలుకు ఆనుకుని నిలబడ్డ పెద్దాయన ఆవిడ చేతిలో జెండా చూసి దగ్గరికి వచ్చి అదే ప్రశ్న అడిగాడు. “హౌ మెనీ ఇయర్స్?”

అత్తయ్య స్కార్ఫు కొంచెం వెనక్కి జరుపుకుంది.

“ఫోర్ మంత్స్” అంది, చుట్టుపక్కల అందరికీ వినపడేలా.